థీసిస్ ఇచ్చిన నాటి నుంచి పట్టా అందే నాటి దాకా

మన సొసైటీ విద్యా సహాయ కమిటీకి వచ్చే దరఖాస్తుల్లో ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ ఫీజులవే ఎక్కువ. నాలుగైదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల నుంచి కూడా ఒకటీ అరా వస్తున్నాయి. సంతోషించాల్సిన విషయమే. అయితే వాటిని చదువుతూ కూర్చున్నప్పుడు మా కమిటీ సభ్యులకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఈ పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు డబ్బు కంటే ముందు కావలసింది సమాచారం.

ఒక అబ్బాయి "పీహెచ్‌డీ అయిపోయింది, పట్టా తెచ్చుకోవడానికి ఖర్చులు కావాలి" అని రాశాడు. పిలిచి అడిగితే అయిపోయింది కోర్సువర్క్ పరీక్ష మాత్రమే. అంటే బడికి వెళ్లడానికి చెప్పులు వేసుకున్నాడు, అంతే. ఇంకొక తండ్రి "మా అమ్మాయి థీసిస్ ఇచ్చి రెండేళ్లయింది, ఇంకా డాక్టర్ కాలేదంటున్నారు, ఎక్కడ ఆగిందో చెప్పేవారు లేరు" అని రాశాడు. మూడో ఆయన దరఖాస్తు పెట్టలేదు, సన్మానం చేయమని అడిగాడు. నల్లగౌను, టోపీ వేసుకున్న ఫోటో, కింద ఏదో విదేశీ పేరున్న యూనివర్సిటీ, 'గౌరవ డాక్టరేట్'.

ఈ ముగ్గురికీ కలిపి సమాధానం రాయమని కమిటీ నన్ను అడిగింది. ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఉద్యోగం చేస్తూనే నలభై దాటాక పీహెచ్‌డీ చేశాను. నా థీసిస్ పరీక్షల విభాగం బీరువాలో పద్నాలుగు నెలలు పడి ఉంది. ఒక పరీక్షకుడి రిపోర్టు రాలేదట. ఆ మాట అడిగితే తప్ప ఎవరూ చెప్పరని, అడిగే హక్కు నాకుందని అప్పట్లో తెలియదు. ఆ పద్నాలుగు నెలల్లో నాకు అర్హత ఉండాల్సిన ఒక ఉద్యోగ ప్రకటన వచ్చి, గడువు ముగిసి, ఆ ఖాళీ వేరొకరితో నిండిపోయింది. అందుకే ఈ వ్యాసంలో చివరి మెట్ల గురించే ఎక్కువ రాస్తాను. సీటు ఎలా వస్తుందో చెప్పేవారు ఊరికి పదిమంది ఉన్నారు. పట్టా ఎలా వస్తుందో చెప్పేవారు తక్కువ.

మదర్సాలో చదివినవారికి ఇజాజత్ అంటే తెలుసు. ఉస్తాద్ దగ్గర ఒక కితాబు చదివి, ఆయనకు తృప్తి కలిగితే 'ఇక నువ్వు దీన్ని ఇతరులకు చెప్పవచ్చు' అని ఆయన ఇచ్చే అనుమతి అది. ఇచ్చేది ఒక మనిషి. పీహెచ్‌డీ అలాంటిది కాదు. గైడ్ ఎంత పెద్ద ప్రొఫెసర్ అయినా ఆయన పట్టా ఇవ్వలేడు, ఇప్పిస్తానని మాట ఇవ్వడం కూడా ఆయన చేతిలో లేదు. ఇచ్చేది యూనివర్సిటీ. ఆ యూనివర్సిటీకి కూడా ఆ అధికారం చట్టం నుంచి రావాలి. 1956 నాటి యూజీసీ చట్టంలో 22వ సెక్షన్ ఈ విషయం స్పష్టంగా చెబుతుంది. పార్లమెంటు చట్టంతోనో, రాష్ట్ర శాసనసభ చట్టంతోనో ఏర్పడిన యూనివర్సిటీ, డీమ్డ్ హోదా పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థ - వీటికి తప్ప మన దేశంలో ఎవరికీ డిగ్రీ ఇచ్చే హక్కు లేదు. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, నాగార్జున, కాకతీయ వంటివి రాష్ట్ర చట్టాల కింద ఉన్నాయి. హైదరాబాద్‌లోని సెంట్రల్ యూనివర్సిటీ, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ పార్లమెంటు చట్టంతో వచ్చాయి. హోటల్ హాలు అద్దెకు తీసుకుని గౌన్లు తొడిగేవారు ఈ జాబితాలో ఎక్కడా కనిపించరు. వారిచ్చే గౌరవ డాక్టరేట్‌తో ఉద్యోగం రాదు, ప్రమోషన్ రాదు. నిజమైన యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ఇచ్చే గౌరవ డాక్టరేట్ కూడా గౌరవమే తప్ప చదువుకు సాక్ష్యం కాదు. మన వేదిక మీద ఎవరికైనా శాలువా కప్పే ముందు ఈ తేడా చూసుకుందాం. నకిలీ యూనివర్సిటీల పేర్లను యూజీసీ తానే ప్రకటిస్తుంది, చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇక నిబంధనలు. పీహెచ్‌డీకి దేశమంతటికీ వర్తించే కనీస నిబంధనలను యూజీసీ పెడుతుంది. వాటికి లోబడి ప్రతి యూనివర్సిటీ తన సొంత ఆర్డినెన్స్ రాసుకుంటుంది. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2022 నవంబర్ 7న వచ్చిన నిబంధనలు. అంతకు ముందు చేరినవారికి చాలావరకు 2016 నాటివి, ఇంకా పాతవారికి 2009 నాటివి వర్తిస్తాయి. కనుక ఎవరైనా "మా అన్నకు అలా లేదే" అంటే, అన్న ఏ సంవత్సరంలో చేరాడో ముందు అడగండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

చేరడం గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. రెండేళ్ల పీజీలో 55 శాతం మార్కులు, లేదా కొత్త పద్ధతి నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉండాలి. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ఆర్థికంగా వెనుకబడినవారికి 5 శాతం సడలింపు ఉంది. నెట్ స్కోరుతో గానీ, యూనివర్సిటీ సొంత ప్రవేశ పరీక్షతో గానీ ఇంటర్వ్యూకు వెళ్లాలి. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేయవచ్చు, పై అధికారి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో మాత్రం పీహెచ్‌డీ లేదు. "ఇంట్లో కూర్చుని ఏడాదిలో పీహెచ్‌డీ" అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటన ఏదైనా సరే, అది మోసం.

చేరాక మొదటి మెట్టు కోర్సువర్క్. మన వైపు ప్రీ-పీహెచ్‌డీ పరీక్ష అని పిలిచేది ఇదే. కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన, ప్రచురణ నీతికి సంబంధించిన పేపర్ తప్పనిసరి. 55 శాతం రాకపోతే థీసిస్ ఇచ్చే అర్హత లేదు. చాలామంది దీన్ని లాంఛనం అనుకుంటారు. ఆ మార్కుల మెమో పోగొట్టుకుని ఐదేళ్ల తర్వాత వెతుక్కునేవారిని చూశాను. రాగానే నాలుగు జిరాక్స్‌లు తీయించి పెట్టుకోండి.

ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకు రీసెర్చ్ సలహా కమిటీ ముందు నిలబడి, ఇంతవరకు ఏం చేశానో చెప్పాలి, రిపోర్టు ఇవ్వాలి. కమిటీ మీటింగ్ పెట్టలేదు కదా అని ఊరుకోకండి. మీ రిపోర్టు మీరు రాసి డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. చివర్లో "నాలుగు ప్రోగ్రెస్ రిపోర్టులు లేవు" అని ఫైలు వెనక్కి వస్తే, ఆ ముద్రే మిమ్మల్ని కాపాడుతుంది.

గడువు సంగతి కొంచెం ఆగి చెప్పాలి. మన ఆడపిల్లల పీహెచ్‌డీలు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతున్నాయి.

2022 నిబంధనల ప్రకారం కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆరేళ్లలో కాకపోతే రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుని ఇంకో రెండేళ్లు, మొత్తం ఎనిమిది. స్త్రీలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు ఇవ్వవచ్చు, మొత్తం పది. ఇది కాక ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం మొత్తం కోర్సులో 240 రోజుల వరకు సెలవు ఉంది. పెళ్లయి వేరే ఊరికి వెళ్లాల్సి వస్తే, చేసిన పరిశోధనను ఆ ఊరి యూనివర్సిటీకి బదిలీ చేసుకునే వీలు కూడా నిబంధనల్లో రాసి ఉంది. ఆ పని మొదటి యూనివర్సిటీ తెచ్చుకున్న నిధుల ప్రాజెక్టులో భాగం కాకూడదు, మొదటి గైడ్‌కు, సంస్థకు రావలసిన గుర్తింపు ఇవ్వాలి. ఇవే షరతులు.

ఒంగోలు వైపు ఒక అమ్మాయి 2017లో చేరింది. కోర్సువర్క్ అయింది, 2019లో నిఖా అయింది, బళ్లారి వెళ్లింది. ఇద్దరు పిల్లలు. 2023 చివర్లో వాళ్ల నాన్న వేరే పని మీద నా దగ్గరికి వచ్చి మాటల్లో అన్నాడు. "ఆరేళ్లు దాటిపోయాయి మాస్టారూ, దాని పేరు ఈపాటికి కొట్టేసి ఉంటారు. పుస్తకాలు కూడా అటక మీద పెట్టేశాం." ఆయన తప్పేమీ లేదు, ఆరేళ్లు అని మాత్రమే ఎవరో చెప్పారు. ఆ అమ్మాయికి వర్తించేవి 2016 నిబంధనలు. వాటిలో కూడా స్త్రీలకు గరిష్ఠ గడువు మీద రెండేళ్ల సడలింపు ఉంది, ప్రసూతి సెలవు వేరుగా ఉంది. అయితే అవి తమంతట తాము రావు, అడగాలి. 'ఇవ్వవచ్చు' అన్నారు గానీ 'ఇవ్వాలి' అనలేదు. పిల్లల జనన ధ్రువపత్రాలు, గైడ్ సిఫారసు జతచేసి దరఖాస్తు పెట్టించాం. గైడ్ మంచి మనిషి, అదే రోజు సంతకం చేశారు. గడువు పెరిగింది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి "చాచా, అటక మీద నుంచి డబ్బా దింపాను. చెదలు పట్టలేదు" అంది.

ఇలాంటి పిల్లలు మీ బంధువుల్లో ఉంటే ఈ పేజీ వాళ్లకు చూపించండి. గడువు ముగియక ముందే దరఖాస్తు పెట్టడం మేలు. ముగిశాక పెడితే ఆఫీసులో మాట కటువుగా ఉంటుంది.

ప్రచురణల విషయంలో ఒక మార్పు వచ్చింది. 2016 నిబంధనల కింద ఉన్నవారు థీసిస్ ఇచ్చే ముందు ఒక పరిశోధన వ్యాసం పత్రికలో అచ్చు వేయించుకోవాలి, రెండు సదస్సుల్లో పత్రం చదవాలి. 2022 నిబంధనల్లో ఇది తప్పనిసరి కాదు. అయినా మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్‌లో ఉంచుకుని ఉండవచ్చు, చూసుకోండి. డబ్బు కట్టిన వారంలో అచ్చు వేసే పత్రికలకు దూరంగా ఉండండి. ఆ వ్యాసం మీ పేరుతో ఎప్పటికీ ఉంటుంది, రేపు ఇంటర్వ్యూలో మీ ముందు పెట్టి అడుగుతారు.

థీసిస్ రాయడం అయ్యాక, ఇచ్చే ముందు, ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఉంటుంది. సలహా కమిటీ, డిపార్ట్‌మెంట్ అధ్యాపకులు, ఇతర పరిశోధక విద్యార్థులు కూర్చుంటారు. వాళ్లు చెప్పిన మార్పులు థీసిస్‌లో చేర్చాలి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో నకలు పరీక్ష. 2018లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే ఇబ్బంది లేదు. 10 దాటి 40 లోపు ఉంటే సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వమంటారు. 40 దాటి 60 లోపు ఉంటే ఏడాది పాటు సవరించిన థీసిస్ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించినవి, చివర్లో ఇచ్చే గ్రంథసూచి లెక్కలోకి రావు. థీసిస్ రాసి పెడతామని చెప్పేవారు ఈ రోజుల్లో ప్రతి జిల్లా కేంద్రంలో ఉన్నారు. వారికి ఇచ్చే డబ్బుతో పాటు రిజిస్ట్రేషన్ కూడా పోయే ప్రమాదం ఉందని చెప్పి ఊరుకుంటాను.

ఇక థీసిస్ ఇచ్చే రోజు ఫైలు. కోర్సువర్క్ మెమో, ప్రీ-సబ్మిషన్ ధ్రువపత్రం, నకలు పరీక్ష రిపోర్టు, ఇది నా సొంత పని అని మీ హామీ పత్రం, ఈ థీసిస్ వేరే ఏ డిగ్రీకీ ఇవ్వలేదని గైడ్ సర్టిఫికెట్, ఫీజు రసీదులు, లైబ్రరీ, హాస్టల్ బకాయిలు లేవన్న పత్రాలు, థీసిస్ కాపీలు, సాఫ్ట్ కాపీ. థీసిస్ మీద ఉన్న శీర్షిక కమిటీ ఆమోదించిన శీర్షికతో అక్షరం తేడా లేకుండా ఉండాలి.

శీర్షిక కంటే మన పిల్లలను ఎక్కువ ఏడిపించేది పేరు. టెన్త్ మెమోలో 'ఎస్‌కే' అని పొడి అక్షరాలు, పీజీలో 'షేక్' అని పూర్తిగా, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. మొహమ్మద్ అన్న ఒక్క పేరునే ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాసిన ఇళ్లు ఉన్నాయి. అన్నదమ్ముల ముగ్గురి సర్టిఫికెట్లలో మూడు రకాల 'సయ్యద్' చూశాను. అమ్మాయిలకు పెళ్లయ్యాక భర్త పేరు చేరుతుంది, పాస్‌పోర్టు అలాగే వస్తుంది. పట్టా మీద సాధారణంగా టెన్త్ మెమోలో ఉన్న పేరే వేస్తారు. రిజిస్ట్రేషన్‌లో వేరుగా ఉంటే థీసిస్ ఇవ్వక ముందే రాతపూర్వకంగా సరిచేయించుకోండి. పట్టా అచ్చయ్యాక సరిచేయించాలంటే అఫిడవిట్లు, ప్రకటనలు, నెలల తరబడి తిరగడం. దుబాయ్‌లోనో సౌదీలోనో ఉద్యోగం కోసం అటెస్టేషన్‌కు వెళ్లినప్పుడు ఈ ఒక్క అక్షరమే అడ్డం పడుతుంది.

థీసిస్ ఇచ్చాక ఏం జరుగుతుందో ఇంట్లోవాళ్లకు అసలు కనిపించదు. అందుకే "ఇచ్చేశాడుగా, ఇంకేంటి" అంటారు. థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి. వారు ఆ యూనివర్సిటీలో ఉద్యోగం చేసేవారు కాకూడదు. వీలైతే ఒకరు విదేశీ అయి ఉండాలి. ముందే ఆమోదించి ఉంచిన పేర్ల పట్టిక నుంచి వారిని ఎంపిక చేస్తారు. యూనివర్సిటీ వారికి ఉత్తరం రాస్తుంది, వారు ఒప్పుకుంటే థీసిస్ పంపుతుంది, వారు చదివి రిపోర్టు పంపుతారు. ఈ మూడు చోట్లా ఆలస్యం జరగవచ్చు. ఒప్పుకున్నామని రాసి మరిచిపోయేవారు ఉన్నారు. నా విషయంలో జరిగింది అదే.

ఇద్దరు బయటి పరీక్షకులూ సరేనంటే వైవా పెడతారు. వారు చెప్పిన దిద్దుబాట్లు ఉంటే ముందుగా చేయాలి. ఒకరు బాగుందని, ఒకరు పనికిరాదని రాస్తే పట్టికలోని మూడో పరీక్షకుడికి పంపుతారు. ఆయన సరేనంటే వైవా. ఆయన కూడా కాదంటే థీసిస్ తిరస్కరించినట్టే, పట్టాకు అర్హత పోతుంది. అరుదుగా జరుగుతుంది గానీ జరుగుతుంది.

ఈ మూల్యాంకనం మొత్తం థీసిస్ ఇచ్చిన ఆరు నెలల్లోపు ముగియాలని నిబంధన. మూడు నెలలు దాటాక పరీక్షల విభాగానికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. ఆరు నెలలు దాటితే రిజిస్ట్రార్‌కు రాయండి. జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో "నా థీసిస్ ఏ తేదీన పరీక్షకులకు పంపారు, ఎన్ని రిపోర్టులు వచ్చాయి" అని అడగండి. ముప్పై రోజుల్లో చెప్పాలి. పరీక్షకుల పేర్లు అడగకండి, అవి చెప్పరు, అడిగితే అనవసరమైన అనుమానం వస్తుంది. 2023లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన ఒక అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. అక్కడ కూడా ఫిర్యాదు పెట్టుకోవచ్చు. గైడ్‌కు కోపం వస్తుందేమోనని చాలామంది భయపడతారు. తేదీలు అడిగే ఉత్తరంలో గైడ్ మీద ఒక్క మాట కూడా ఉండదు. ఆయనకే ఒక కాపీ చూపించి పంపండి.

వైవా అంటే గైడ్, కనీసం ఒక బయటి పరీక్షకుడు కూర్చుని అడుగుతారు. ఆన్‌లైన్‌లో కూడా పెట్టవచ్చు. అధ్యాపకులు, విద్యార్థులు వచ్చి వినవచ్చు. మీ థీసిస్ మీరు మళ్లీ ఒకసారి మొదటి నుంచి చదువుకుని వెళ్లండి. రెండేళ్ల కింద రాసిన మూడో అధ్యాయం మీకే గుర్తుండదు. ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. వైవా రోజు శాలువాలు, బిర్యానీ, అతిథికి కారు, హోటల్ గది - వీటి ఖర్చు విద్యార్థి మీద పడేసే అలవాటు చాలాచోట్ల పాతుకుపోయింది. యూజీసీ నిబంధనల్లో ఎక్కడా ఇది లేదు. మా కమిటీకి ఒకసారి 'వైవా భోజనాల' కోసం సాయం అడుగుతూ దరఖాస్తు వచ్చింది. ఆ పిల్లవాడి మీద కోపం రాలేదు, అతడిని ఆ స్థితికి తెచ్చిన పద్ధతి మీద వచ్చింది. టీ, బిస్కట్ చాలు.

వైవా బాగా జరిగింది, పరీక్షకులు పట్టా ఇవ్వవచ్చని సంతకం పెట్టారు. బయటికి రాగానే స్నేహితులు "డాక్టర్ సాబ్" అని పిలుస్తారు. పిలవనివ్వండి, కానీ లెటర్‌హెడ్ అచ్చు వేయించకండి. ఇంకా మూడు పనులు ఉన్నాయి.

మొదటిది, థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళ్లాలి. గాంధీనగర్‌లో ఉన్న ఈ సంస్థ 'శోధ్‌గంగ' పేరుతో దేశంలోని థీసిస్‌లను అందరికీ తెరిచి పెడుతుంది. పట్టా ప్రకటించక ముందే ఈ కాపీ ఇవ్వాలి. అంటే మీరు రాసినది రేపటి నుంచి ఎవరైనా చదవవచ్చు. పీహెచ్‌డీలో చేరబోయే పిల్లలు ముందుగా అక్కడికి వెళ్లి తమ విషయంలో ఏమేం వచ్చాయో చూడటం మంచిది.

రెండోది, రిపోర్టులన్నీ వైస్ ఛాన్సలర్ ఆమోదానికి వెళ్లి, ఫలానా వారికి ఫలానా విషయంలో పీహెచ్‌డీ ఇచ్చాం అని నోటిఫికేషన్ వస్తుంది. పేరు ముందు డాక్టర్ రాసుకోవాల్సింది అప్పటి నుంచి. ఉద్యోగ ప్రకటనల్లో ఆఖరి తేదీ నాటికి అర్హత ఉండాలంటారు. అర్హత తేదీగా కొన్నిచోట్ల వైవా తేదీని రాస్తారు, కొన్నిచోట్ల నోటిఫికేషన్ తేదీని. మీ కాగితంలో ఏది రాశారో చూసుకోండి.

మూడోది ప్రొవిజనల్ సర్టిఫికెట్. అసలు పట్టా రాకముందు ఉద్యోగానికి పనికొచ్చేది ఇదే. యూజీసీ నిబంధనల ప్రకారమే ఈ పీహెచ్‌డీ ఇచ్చామని అందులో ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ నుంచి మినహాయింపు కావాలంటే ఆ వాక్యమే ఆధారం. లేకపోతే వేరే పత్రంగా అడిగి తీసుకోండి, అదే రోజు, అదే కౌంటర్‌లో. ఏళ్ల తర్వాత వెళితే మీ కాలపు రికార్డు తెలిసిన గుమస్తా రిటైర్ అయి ఉంటాడు.

అసలు పట్టా స్నాతకోత్సవంలో ఇస్తారు. అర్హత వచ్చిన 180 రోజుల్లోపు పట్టాలు ఇవ్వాలని 2008 నాటి యూజీసీ నిబంధన చెబుతుంది. రాష్ట్ర యూనివర్సిటీల్లో స్నాతకోత్సవం కొన్నిసార్లు రెండు మూడేళ్లకు ఒకసారి జరగడం మనం చూస్తూనే ఉన్నాం. దాని కోసం ఎదురు చూడనక్కర లేదు, ఫీజు కట్టి ముందే పట్టా తీసుకునే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంది. రాలేనివారికి గైర్హాజరులోనే పట్టా ఇస్తారు, పోస్టులో ఇంటికి వస్తుంది.

అమెరికాలో చదువుతున్న మన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ కమిటీ ముందు డిఫెన్స్ అయిన రోజు వేరు, డిగ్రీ ప్రదానమైన తేదీ వేరు. చాలా యూనివర్సిటీల్లో ఏడాదికి రెండు మూడు తేదీలే ఉంటాయి, ఎక్కువగా మే, ఆగస్టు, డిసెంబర్‌లలో. గ్రాడ్యుయేషన్‌కు విద్యార్థి తానే దరఖాస్తు పెట్టాలి, దిద్దిన థీసిస్‌ను గడువులోపు గ్రాడ్యుయేట్ స్కూల్‌కు ఇవ్వాలి. ఒక్క రోజు తప్పితే డిగ్రీ తర్వాతి తేదీకి వెళ్తుంది. కనుక డిఫెన్స్ అయిందని ఫోన్ రాగానే మిఠాయిలు పంచండి గానీ, పెళ్లి కార్డులో డాక్టర్ అని వేసే ముందు ఒకసారి అడగండి.

డబ్బు గురించి. జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. మొత్తం ఐదేళ్లకు మించి రాదు. మైనారిటీ విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు. అప్పటికే తీసుకుంటున్నవారికి కొనసాగుతుందని చెప్పారు. దాని మీద ఆశ పెట్టుకుని చేరిన పిల్లలు చాలామంది ఇబ్బంది పడ్డారు. కనుక నాలుగో ఏడు, ఐదో ఏడు ఎలా గడుస్తుందో చేరే రోజే లెక్క వేసుకోవాలి. థీసిస్ చివరి ఏడాది చేతిలో ఫెలోషిప్ ఉండదు, ఉద్యోగమూ ఉండదు. టైపింగ్, బైండింగ్, సబ్మిషన్ ఫీజు అన్నీ అప్పుడే వస్తాయి.

ఆ చివరి ఏడాది ఖర్చుకే ఈ సంవత్సరం నుంచి సాయం చేయాలని మా కమిటీ నిర్ణయించింది. దరఖాస్తుతో పాటు కోర్సువర్క్ మెమో, ఆఖరి ప్రోగ్రెస్ రిపోర్టు, గైడ్ రాసిన రెండు వాక్యాల ఉత్తరం, టెన్త్ మెమో కాపీ జతచేయండి. టెన్త్ మెమో ఎందుకని చాలామంది అడుగుతున్నారు. పేరు స్పెల్లింగ్ మేమే ఒకసారి చూసి చెబుదామని.

బళ్లారి అమ్మాయి 2024 చివర్లో థీసిస్ ఇచ్చింది. ఐదో నెలలో రెండో రిపోర్టు రాలేదని తెలిసి తనే ఉత్తరం రాసింది, వాళ్ల నాన్న రాయలేదు, నేనూ రాయలేదు. వైవా 2025లో అయింది. స్నాతకోత్సవం తేదీ ఇంకా ప్రకటించలేదు. ప్రొవిజనల్ మాత్రం తీసుకుంది, అందులో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉంది.